లే విజితర్ (1993 ఫ్రెంచి హాస్య చలనచిత్రం)

లే విజితర్ 1993 జనవరి 27న ఫ్రాన్స్‌లో విడుదలైన హాస్య చలనచిత్రం. పేరుకు ‘చూడవచ్చినవాళ్లు’ అని అర్థం. 12వ శతాబ్దపు దొర ఒకడు, అతని వెంట తిరిగే బంటు ఒకడు ఓ మాంత్రికుడి మతిమరుపు వల్ల 1992లోకి వచ్చిపడతారు. దర్శకుడు జాన్-మారీ ప్వారే. కథా సంభాషణలు ఆయన, నటుడు క్రిస్టియన్ క్లావియే కలిసి రాశారు. దొరగా జాన్ రెనో, బంటుగా క్లావియే, ఆ దొర వంశంలో మిగిలిన ఆడపడుచుగా వాలెరీ లెమెర్సియే నటించారు. నిర్మాత అలాన్ తెర్జియాన్. ఫ్రాన్స్‌లో 1 కోటి 37 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడై, ఆ ఏడాది అక్కడ ఆడిన సినిమాలన్నిటిలో మొదటి స్థానం దక్కించుకుంది.

పాతకాలపు మనిషి కొత్తకాలంలో కారును చూసి బెదరడం, టెలిఫోనుతో తికమక పడటం ఎవరైనా రాయగల హాస్యం. ఇందులోనూ అది దండిగా ఉంది. అయితే ఈ సినిమా ముప్పై ఏళ్లు దాటినా ఫ్రెంచివాళ్ల నోళ్లలో నానుతున్నదంటే కారణం అది ఒక్కటే అనిపించదు. కోట ఎవరిది, అందులో ఎవరు ఎవరికి దండం పెట్టాలి అన్న పాత తగవును ఇది నవ్వుల మధ్య మళ్లీ పైకి తీసింది. ఫ్రాన్స్‌లో ఆ తగవుకు 1789 నాటి విప్లవం అని పేరు.

కథ

1123వ సంవత్సరం. ఫ్రాన్స్‌ను ఆరో లూయీ ఏలుతున్నాడు. చరిత్రలో ‘లావు లూయీ’గా పేరుపడిన ఈ రాజు 1108 నుంచి 1137 వరకు పాలించాడు, ఇంగ్లండు రాజు మొదటి హెన్రీతో పలుమార్లు తలపడ్డాడు. సినిమా ఆ వైరాన్ని వాడుకుంటూ మొదలవుతుంది. హెన్రీ బంధువైన ఒక యువతితో లూయీ రహస్యంగా సరసమాడుతూ ఇంగ్లీషువాళ్లకు చిక్కబోతే గోద్‌ఫ్రువా ద మోమిరాయ్ అనే వీరుడు ఆ నేరాన్ని తన మీద వేసుకుని రాజును కాపాడతాడు. అందుకు బహుమతిగా కౌంట్ బిరుదు, డ్యూక్ కూతురు ఫ్రెనెగోండ్‌తో పెళ్లి ఖాయమవుతాయి.

పెళ్లికి వెళ్లే దారిలో గోద్‌ఫ్రువా ఒక మంత్రగత్తెను పట్టుకుంటాడు. ఆమె అతని తాగునీళ్లలో మందు కలుపుతుంది. ఆ మత్తులో కాబోయే మామగారు అతని కళ్లకు ఎలుగుబంటిలా కనిపిస్తాడు. గోద్‌ఫ్రువా క్రాస్‌బో ఎక్కుపెట్టి కొడతాడు, డ్యూక్ అక్కడికక్కడే పోతాడు. (ఆ ఆయుధాన్ని తోటి క్రైస్తవుల మీద వాడరాదని చర్చి మహాసభ 1139లో నిషేధించింది. కథాకాలానికి అది ఇంకా పదహారేళ్ల దూరం.) తండ్రిని చంపినవాణ్ణి పెళ్లాడలేక ఫ్రెనెగోండ్ సన్యాసినుల మఠానికి పోవడానికి సిద్ధపడుతుంది.

బాణం వదిలిన క్షణానికి కాస్త ముందుకు తిరిగి వెళ్లగలిగితే అన్నీ చక్కబడతాయి. గోద్‌ఫ్రువా ముసలి మాంత్రికుణ్ణి ఆశ్రయిస్తాడు. అతను కాచిన పసరులో కౌజు పిట్ట గుడ్లు వేయడం మరిచిపోతాడు. దానితో దొర, అతని బంటు జాకూయ్ వెనక్కి పోవలసింది పోయి సుమారు 870 ఏళ్లు ముందుకు వచ్చిపడతారు.

అడవి అంచున తారురోడ్డు, దాని మీద పసుపుపచ్చ తపాలా బండి. బంటు దాన్ని దయ్యపు రథం అనుకుంటాడు, ఇద్దరూ కలిసి దాన్ని చితకబాదుతారు. తర్వాత గోద్‌ఫ్రువాకు బెయత్రీస్ తారసపడుతుంది. ఆమె అతని వంశంలో పుట్టిన ఆడపిల్ల, ఒక పళ్ల డాక్టరు భార్య, మర్యాదస్తురాలు. ముఖం అచ్చం ఫ్రెనెగోండ్ ముఖమే. ఎన్నడో కనిపించకుండా పోయిన తమ దాయాది ఉబేర్ మతి తప్పి తిరిగొచ్చాడని బెయత్రీస్ నమ్ముతుంది. ఆ నమ్మకం మీదే వాళ్లకు ఆమె ఇంట చోటు దొరుకుతుంది. అక్కడ జరిగే భోజనం, స్నానం ఘట్టాలు ఫ్రెంచివాళ్లు వరస తప్పకుండా చెప్పగలిగినవి. మరుగుదొడ్డి నీళ్లతో మొహం కడుక్కోవడం, ఖరీదైన అత్తరంతా తొట్టిలో పోసి బట్టలతోనే స్నానానికి దిగడం, దొర బల్ల దగ్గర తింటుంటే బంటు నేల మీద కూర్చుని ఆయన విసిరిన ముక్కలు అందుకోవడం, కరెంటు స్విచ్చి నొక్కుతూ జాకూయ్ పగలూ రాత్రీ తన చేతిలోనే ఉన్నాయని మురిసిపోవడం.

తిరిగి వెళ్లే ఉపాయం పూర్వపు కోటలోనే ఉంది. ఆ కోట ఇప్పుడు ఖరీదైన హోటలు. దాని యజమాని జాక్-ఆన్రీ జాకార్ సాక్షాత్తు జాకూయ్ వంశస్థుడు. బెయత్రీస్ వాళ్లు కోటను పోషించలేక అతనికి అమ్ముకున్నారు. బంటు పాత్రనూ ఈ జాకార్ పాత్రనూ క్లావియేనే పోషించాడు. చివర గోద్‌ఫ్రువా తన కాలానికి తిరిగి వెళ్లి బాణాన్ని దారి మళ్లిస్తాడు, పెళ్లి నిలుస్తుంది. జాకూయ్ మాత్రం వెళ్లడు. తన బట్టలు జాకార్‌కు తొడిగి, మత్తులో ఉన్న అతణ్ణి తన బదులు 12వ శతాబ్దానికి పంపేసి, జినెట్ అనే దిక్కులేని మనిషితో ఇక్కడే ఉండిపోతాడు. ఈ జినెట్ పాత్రను మారీ-ఆన్ షజెల్ నటించింది.

దొర, బంటు, కోట

ఈ కథకు ఆయువుపట్టు కోట చేతులు మారడం. గోద్‌ఫ్రువాను 20వ శతాబ్దంలో నిజంగా బాధపెట్టేది విమానాలో విద్యుత్తో కాదు. తన ఇంటికి ఇంకొకడు యజమాని, ఆ ఇంకొకడు తన బంటు వంశంవాడు, తన వంశంలో పుట్టిన పిల్ల సరదాకు కూడా ఎవరినీ శాసించలేని గృహిణి. విప్లవం గురించి, దొరల గతి గురించి అతను తెలుసుకునే చోట సినిమా కాసేపు నెమ్మదిస్తుంది. 1789 ఆగస్టు 4 రాత్రి జాతీయసభ భూస్వామ్య హక్కులను రద్దు చేసింది, 1790లో వంశ బిరుదులు కూడా పోయాయి. ఫ్రాన్స్‌లో బడికెళ్లిన ప్రతి పిల్లవాడికీ తెలిసిన ఈ సంగతి 1123 నుంచి వచ్చిన మనిషికి చావు కబురు. పక్కనే నిలబడ్డ జాకూయ్‌కి అదే శుభవార్త. ఒకే వార్త ఇద్దరి ముఖాల మీద రెండు రకాలుగా పడటంలో ఈ సినిమా తెలివి కనిపిస్తుంది.

జాకార్ పాత్ర మరింత చిక్కనిది. తాతల కాలపు దాస్యం గుర్తుకు రావడం అతనికి గిట్టదు. బట్ట మీద మరక పడనివ్వడు, మాట నాజూకుగా పలుకుతాడు, బెయత్రీస్ ముందు మర్యాద ఒలకబోస్తాడు. అటువంటివాడి ముందుకు పళ్లు పుచ్చి, కంపుకొడుతూ, తన ముఖమే తగిలించుకుని ఒకడు వచ్చి నిలబడతాడు. డబ్బు సంపాదించి పేరు మార్చుకున్నా పుట్టుక వెంటాడుతుందన్న భయం ఫ్రాన్స్‌కే పరిమితమైనది కాదు.

ఈ చిత్రీకరణ న్యాయమేనా అన్న వాదన విడుదలైన నాటి నుంచే ఉంది. దొరసాని అందంగా, దయగా ఉంటుంది. కిందినుంచి పైకొచ్చినవాడు పిసినారిగా, పిరికివాడిగా, నవ్వులపాలయ్యేవాడిగా ఉంటాడు. పాత ప్రభువుల కాలం మీద బెంగ పెట్టుకున్న సినిమా ఇది అని కొందరు విమర్శకులు అన్నారు, ఆ మాటలో బలముంది. కాని ముగింపు ఆ లెక్కకు లొంగదు. దొర తన పెళ్లికీ తన కోటకూ ఆనందంగా తిరిగిపోతాడు, సరే. బంటుకు మాత్రం తిరిగి వెళ్లడమంటే నేల మీద కూర్చుని ఎముకలు ఏరుకోవడమే. అతను ఉండిపోతాడు. ఒకరి కింద పుట్టినవాడు చరిత్రలో వెనక్కి పోవడానికి ఒప్పుకోకపోవడం ఈ సినిమాలోకెల్లా నిజమైన ఘట్టం. ప్రేక్షకులు చివరిదాకా జాకూయ్ పక్షానే ఉన్నారు, దొర పక్షాన కాదు.

ఒక ఘట్టం గురించి వేరుగా చెప్పాలి. తపాలా బండి నడిపేవాడు నల్లజాతి మనిషి. అతణ్ణి చూడగానే జాకూయ్ శత్రువైన ‘సారసెను’ (ముస్లిం) అని అరుస్తాడు. మొదటి క్రూసేడు సైన్యం జెరూసలేమును 1099లో పట్టుకుంది కనుక 1123 నాటి మనిషికి ఆ తలపు రావడం పాత్రకు తగినదే, వెటకారం అతని అజ్ఞానం మీదే అని సమర్థించవచ్చు. కాని పారిపోతున్న ఆ ఉద్యోగి భయాన్ని కూడా కెమెరా నవ్వుకు వాడుకుంది. ఈ ఘట్టం కాలంతో పాటు పలచబడింది, ఇప్పుడు చూస్తే ఇబ్బంది పెడుతుంది.

భాష

తెలుగు ప్రేక్షకుడికి ఈ సినిమా హాస్యపు కీలకం చెప్పడం తేలిక. యమగోల (1977) లాంటి చిత్రాల్లో యముడు, చిత్రగుప్తుడు భూలోకానికి దిగి గ్రాంథికంలో గర్జిస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లు వాడుక భాషలో బదులిస్తారే, ఆ సరుకే ఇది. గోద్‌ఫ్రువా, జాకూయ్ మాట్లాడేది 12వ శతాబ్దపు అసలు ఫ్రెంచి కాదు. అది పెడితే థియేటర్లో ఎవరికీ అర్థం కాదు. ప్వారే, క్లావియే తర్వాతి శతాబ్దాల నుంచి ఏరిన పాత మాటలు, నాటకపు బిరుదులు, తామే పుట్టించిన క్రియలు, పల్లెటూరి తిట్లు కలిపి ఒక కలగూరగంప భాషను తయారుచేశారు. బెయత్రీస్ దానికి పూర్తిగా ఎదురు. ఆమెది పెద్దింటి ఆడవాళ్ల ముక్కు మాట, ప్రతి వాక్యంలోనూ బతిమాలే మర్యాద. జినెట్‌ది వీధి భాష. జాకూయ్ ఆమె దగ్గర నేర్చుకున్న కొత్త మాటలను తప్పు చోట, తప్పు స్వరంతో వాడుతూ మురిసిపోతుంటాడు. ఆ పలుకుబడి ఏళ్ల తరబడి బడి పిల్లల ఆటల్లో వినిపించింది.

ఈ బలమే సినిమాకు ఎల్లలు గీసింది. అమెరికాలో పంపిణీకి తీసుకున్న మిరామాక్స్ సంస్థ ఇంగ్లీషు డబ్బింగు పనిని హాస్య దర్శకుడు మెల్ బ్రూక్స్‌కు అప్పగించింది. ఆ ప్రయత్నం నచ్చక 1996లో ఉపశీర్షికలతోనే విడుదల చేశారు. ఫ్రాన్స్‌లో ఆడిన తీరుతో పోలిస్తే అక్కడ పెద్దగా నిలవలేదు.

తయారీ, నటవర్గం

ప్వారే సినిమా ఇంట్లోనే పుట్టాడు. తండ్రి అలాన్ ప్వారే గోమోన్ సంస్థలో ఎన్నో హాస్య చిత్రాలను నిర్మించినవాడు. క్లావియే, షజెల్ 1970లలో పారిస్‌లో పేరు తెచ్చుకున్న ‘స్ప్లెండిడ్’ నాటక బృందం సభ్యులు. హోటలు, కాఫీశాల కలగలిసిన చిన్న రంగస్థలాల మీద సొంతంగా రాసుకున్న నాటకాలు ఆడుతూ ఎదిగిన జట్టు అది. ఆ బృందం నాటకాన్ని ప్వారే 1982లో లె పేర్ నొయెల్ ఎతూన్ ఒర్‌ద్యూర్ పేరుతో సినిమాగా తీశాడు. 1991లో తీసిన గూఢచారి ప్రహసనంలో క్లావియే, రెనో, లెమెర్సియే ముగ్గురూ కలిసి నటించారు. లే విజితర్‌కు కావలసిన జోడీ అక్కడే కుదిరింది.

రెనో అప్పటికి లుక్ బెస్సోన్ సినిమాల ద్వారా, ముఖ్యంగా లె గ్రాన్ బ్లూ (1988)తో పేరున్న నటుడు. ఆయన ఇందులో ఒక్క క్షణం కూడా హాస్యం చేయడు. గుండె నిండా పౌరుషం, కళ్లలో నిజమైన దుఃఖం, గొంతులో ఆజ్ఞ. చుట్టూ ఎంత గోల జరిగినా ఆ మనిషి తన 1123ను వదలడు. పక్కన క్లావియే ఒళ్లంతా ఊపుతూ, పళ్లికిలిస్తూ, అరుస్తూ పేట్రేగిపోవడానికి ఆ నిలకడే ఆధారం. ఫ్రెనెగోండ్‌గా, బెయత్రీస్‌గా రెండు పాత్రలు చేసిన లెమెర్సియే 1994లో ఉత్తమ సహాయ నటిగా ఫ్రెంచి సినిమా పురస్కారమైన సెజార్ అందుకుంది. చాలా విభాగాల్లో నామినేషన్లు వచ్చిన ఈ చిత్రానికి దక్కిన సెజార్ అదొక్కటే. అది సరైన మనిషికే వెళ్లింది: బెయత్రీస్ కంగారు, అమాయకత్వం, ఇంటికి వచ్చిన పిచ్చివాళ్లను సైతం గెంటలేని మంచితనం లేకపోతే మిగతా గోల అంతా గాలిలో తేలిపోయేది.

మధ్యయుగపు దృశ్యాలకు దక్షిణాన కార్కసోన్ ప్రాకార నగరాన్ని, దోర్దోన్ నది ఒడ్డున కొండకొమ్మున నిలిచిన బెనాక్ కోటను వాడారు. హోటలుగా మారిన కోటకు పారిస్‌కు ఉత్తరాన ఉన్న ఎర్మెనోన్‌విల్ భవంతిని ఎంచుకున్నారు. తత్వవేత్త రూసో 1778లో కన్నుమూసింది ఆ ఎస్టేటులోనే. విప్లవకారులు గురువుగా కొలిచిన మనిషి చివరి నీడలో ఈ దొర-బంటు తగవు చిత్రీకరణ జరగడం తలచుకోదగిన సంగతి. సంగీతం ఎరిక్ లెవీది. కోరస్ గొంతులతో మధ్యయుగపు ప్రార్థనల ఛాయ కల్పించే ఈ బాణీలను ఆయన తర్వాత ‘ఎరా’ అనే సంగీత ప్రాజెక్టులో మరింత పెంచి ప్రపంచమంతటా అమ్మాడు.

ప్వారే కూర్పు చాలా వేగం. ఒక్క వాక్యం పూర్తయ్యేలోపు రెండు మూడు షాట్లు మారిపోతాయి. కొందరు విమర్శకులకు ఇది తలనొప్పి తెప్పించింది. పెద్ద తెర మీద వరసగా రెండుసార్లు చూస్తే ఆ ఫిర్యాదు అర్థమవుతుంది, మొదటిసారి మాత్రం ఊపిరాడదు.

1993లో ఈ విజయం ఎందుకు పెద్దది

ఆ ఏడాది ఫ్రాన్స్‌లో సినిమా రాజకీయ చర్చగా మారింది. ప్రపంచ వాణిజ్య ఒప్పందాల చర్చలలో సినిమాను, టెలివిజన్‌ను మామూలు సరుకులతో కలపరాదని ఫ్రాన్స్ పట్టుబట్టింది. థియేటర్ల ఆదాయంలో సగానికి పైగా అమెరికా చిత్రాలదే. అక్టోబరులో జురాసిక్ పార్క్ వచ్చింది. ఎమిల్ జోలా నవల ఆధారంగా క్లాద్ బెర్రీ భారీగా తీసిన జెర్మినల్‌ను దానికి ఎదురుగా నిలబెట్టి మాట్లాడారు. ఈ రెండూ చెరి 60 లక్షల పైచిలుకు టికెట్లు తెచ్చుకున్నాయి. జనవరిలోనే వచ్చి, ఎవరి గౌరవ పతాకమూ మోయని లే విజితర్ ఒక్కటే ఆ రెంటి మొత్తాన్ని దాటింది. దేశ జనాభా అప్పుడు ఆరు కోట్లకు లోపు.

ఫ్రెంచి చిత్రాల జాబితాలో అప్పటికి దీనికన్నా పైన ఉన్నది 1966 నాటి లా గ్రాండ్ వాద్రూయ్ ఒక్కటే. తర్వాత 2008లో బ్యాన్‌వన్యూ షే లే ష్తీ, 2011లో ఎంతూషాబ్ల్ దీన్ని దాటి పోయాయి. ఈ ఎంతూషాబ్ల్ తెలుగువాళ్లకు పరాయిది కాదు. నాగార్జున, కార్తి నటించిన ఊపిరి (2016) దానికి పునర్నిర్మాణమే.

ఇదే దారిలోని ఇతర చిత్రాలు

గతకాలపు మనుషులను వర్తమానంలోకి లాక్కొచ్చిన చిత్రాల్లో లే విజితర్‌కు దగ్గరి చుట్టం సోవియట్ చిత్రం ఇవాన్ వాసిలియేవిచ్ మెన్యాయెత్ ప్రొఫెస్సియు (1973). మిఖాయిల్ బుల్గాకోవ్ నాటకం ఆధారంగా లియొనిద్ గైదాయ్ తీశాడు. 16వ శతాబ్దపు ఇవాన్ చక్రవర్తి మాస్కో అపార్టుమెంటులోకి, అదే పేరుగల భవన నిర్వాహకుడు చక్రవర్తి సింహాసనం మీదికి తారుమారవుతారు. అక్కడ కూడా రెండు పాత్రలనూ ఒకే నటుడు, యూరి యాకొవ్లెవ్, చేశాడు. ఏలేవాడూ ఏలబడేవాడూ ఒకే ముఖంతో కనిపించడమన్న ఉపాయం ఇరవై ఏళ్ల తేడాతో రెండు విప్లవాలు చూసిన రెండు దేశాలలో తెర మీదికి రావడం గమనించదగ్గది. న్యూజిలాండ్ దర్శకుడు విన్సెంట్ వార్డ్ 1988లో తీసిన ది నావిగేటర్‌లో 14వ శతాబ్దపు పల్లెవాసులు ప్లేగు నుంచి తప్పించుకోవాలని భూమిని తవ్వి నేటి నగరంలో తేలతారు. అది నవ్వించే చిత్రం కాదు, భక్తితో వణికించేది.

తెలుగులో సింగీతం శ్రీనివాసరావు ఆదిత్య 369 (1991) దీనికి రెండేళ్లు ముందే వచ్చింది. దాని ప్రయాణం ఎదురు దిశలో సాగుతుంది. నేటి మనుషులు యంత్రమెక్కి శ్రీకృష్ణదేవరాయల కొలువుకు పోతారు, ఆ పైన భవిష్యత్తుకు పోతారు. అక్కడ గతం ఒక వైభవం, చూసి చేతులు జోడించవలసిన కొలువు. ప్వారే గతానికి బురద, పేలు, పుచ్చిన పళ్లు కూడా ఉన్నాయి.

కొనసాగింపులు

రెండో భాగం లే కూల్వార్ ద్యూ తాన్ 1998 ఫిబ్రవరిలో వచ్చింది. జాకూయ్ 20వ శతాబ్దంలో ఉండిపోవడం వల్ల కాలపు దారి మూసుకోలేదని, అతణ్ణీ దొంగిలించిన నగలనూ వెనక్కి తెస్తే తప్ప పెళ్లి జరగదని కథ సాగించారు. మొదటి చిత్రం బంటుకు ఇచ్చిన స్వేచ్ఛను ఈ చిత్రం తిరిగి లాక్కోవలసి వచ్చింది, ఆ లోటు చివరిదాకా తెలుస్తూనే ఉంటుంది. లెమెర్సియే నటించడానికి ఒప్పుకోలేదు, ఆమె స్థానంలో మ్యూరియెల్ రోబాన్ చేసింది. అయినా 80 లక్షల మంది చూశారు.

2001లో హాలీవుడ్ కోసం జస్ట్ విజిటింగ్ తీశారు. దర్శకుడు మళ్లీ ప్వారేనే, తెర మీద మాత్రం జాన్-మారీ గోబేర్ అని వేసుకున్నాడు. రెనో, క్లావియే తమ పాత్రలతో షికాగోకు వెళ్లారు, క్రిస్టినా యాపిల్‌గేట్ వారసురాలిగా నటించింది. హోమ్ అలోన్ రాసిన జాన్ హ్యూస్ రచనలో చేయి వేశాడు. చిత్రం దెబ్బతింది. అమెరికాలో స్వాధీనం చేసుకోవడానికి పాత కోటలు లేవు, కోల్పోవడానికి వంశపు దొరతనమూ లేదు. మిగిలింది కారును చూసి బెదరడమే.

చివరి భాగం లే విజితర్: లా రెవొల్యూస్యొన్ 2016 ఏప్రిల్ 6న వచ్చింది. దొర, బంటు ఈసారి విప్లవపు భీతావహ కాలంలో, 1793లో దిగుతారు. జాకూయ్ వంశస్థుడు విప్లవ ప్రభుత్వంలో పెద్ద అధికారి, మోమిరాయ్ వంశస్థులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోతున్న దొరలు. మొదటి చిత్రం మాటల్లో తడిమి వదిలేసిన ఘట్టానికే ప్వారే ఇరవైమూడేళ్ల తర్వాత నేరుగా వెళ్లాడు. కథకు ఇంతకన్నా తగిన చోటు లేదు. కాని గిలటిన్ ఎదురుగా ఉన్నప్పుడు నవ్వించడం కష్టమని సినిమా పొడవునా తెలుస్తుంది. పాత్రలు మరీ ఎక్కువ, ఎవరికీ నిలబడి మాట్లాడే వ్యవధి లేదు. విమర్శకులు కఠినంగా రాశారు, సుమారు 22 లక్షల టికెట్లతో ప్రదర్శన ముగిసింది.